పర్లేదు మాస్టారు

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆ దర్జీని వీధంతా "పర్లేదు మాస్టారు" అనేవారు. ఒంట్లో ఎలా ఉందంటే పర్లేదు, జేబు వంకరగా వచ్చిందంటే పర్లేదు, పైకప్పు కూలి నెత్తిన పడినా పర్లేదనే రకం! ఆ మాటే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

ఏడాదిగా దిగులు. సూదిలో దారమైనా ఎక్కించకుండా మిషను ముందు గంటలు గడిపేవారు. డాక్టరమ్మ మాత్రలు రాశారు. నెల తిరిగేసరికి మనిషే మారిపోయారు. తెల్లవారకుండానే కత్తెర పట్టడం, గలగలా మాట్లాడటం, ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి దూకడం.

"హమ్మయ్య, హుషారొచ్చింది," అని భార్య మురిసిపోయింది. పాపం, ఆవిడను మాత్రం ఏమనగలం? ఆయన లోపల ఏం జరుగుతోందో ఆవిడకేం తెలుసు! ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుండేది. బుర్ర పరుగు ఆపేది కాదు, దుఃఖమూ ఆగేది కాదు.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. భార్య, కొట్లో ఆయనకు సాయం చేసే చెల్లెలు తోడొచ్చారు.

"దిగులెలా ఉంది మాస్టారూ?"

"పర్లేదండీ."

"నిద్ర?"

"పర్లేదండీ."

"పనిలో హుషారుగా ఉన్నారండీ," అంది భార్య. డాక్టరమ్మ సంతోషించి, అవే మాత్రలు మళ్ళీ రాయబోయారు.

చెల్లెలికి ఒళ్ళు మండింది. "హుషారా నా బొందా! మా అన్నయ్య ఏడుస్తూ పరిగెడుతున్నాడండీ. నిన్న పన్నెండు చొక్కాలకి ఇరవైనాలుగూ ఎడమ చేతులే కత్తిరించాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి!"

"నువ్వూరుకోవే," అని కసిరారు మాస్టారు.

డాక్టరమ్మ కలం కింద పెట్టేశారు. "ఏడుపూ, ఈ పరుగూ ఒకే రోజు ఉంటున్నాయా?"

"ఒకే రోజేంటండీ, ఒకే పూట!"

ఆవిడ కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. "దిగులూ ఉద్రేకమూ ఇలా కలిసిపోయి కూడా వస్తాయి మాస్టారూ. పైకి నయమైనట్టే కనబడుతుంది, ప్రమాదం మాత్రం ఎక్కువ. దీనికి వైద్యం వేరు. నిజం చెప్పండి, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"పర్లే..." మాస్టారు చేతులతో మొహం కప్పుకున్నారు. "అనిపిస్తోందమ్మా. రోజూ."

భార్య ఆయన భుజం పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. ఆ రోజే మందులు మారాయి. మాత్రలు భార్య చేతికిచ్చి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. చెల్లెలు పెట్టె సర్దుకుని ఆ ఇంటికే వచ్చేసింది. వారం వారం చూపించుకున్నారు. మధ్యలో రెండుసార్లు మోతాదు మార్చాల్సి వచ్చింది.

రెండో నెలలో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదైనా మాస్టారు లేవలేదు. భార్య పరుగున వచ్చి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చటి ఊపిరి తగిలింది. మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఏమైందే?"

"ఏం లేదండీ. నిద్రపోయారు," అని ఆవిడ బావురుమంది.

అప్పటికి చెల్లెలు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మాస్టారు చెయ్యి చాచి ఆమెను దగ్గరికి పిలిచారు. "ఆ రోజు నువ్వు నా మాట విని ఊరుకోలేదు చూడు," అన్నారు, "అందుకే నేనింకా ఉన్నాను తల్లీ."