మొదటి చందాదారు

మా బాబాయి తాను తయారు చేసిన ప్రతి ఫారంలోనూ తానే మొదట చేరతాడు. చేరి ఊరుకోడు, జన్మలో బయటికి రాడు. వంట చేసినవాడు ఉప్పు సరిపోయిందో లేదో చూడటం లోకంలో ఉన్నదే. మా బాబాయి ఉప్పు చూసి లేవడు, కంచం ముందేసుకుని కూర్చుంటాడు.

ఫారం అంటే మరేం కాదు. దుకాణాల వెబ్‌సైట్లలో "మా కబుర్లు మీకూ పంపమంటారా?" అని అడుగుతూ ఈమెయిల్ రాయడానికి ఒక గడీ, దాని కింద ఒక బటనూ ఉంటాయి చూడండి, అదే. దాన్ని తయారు చేసి, పేజీలో అతికించి, అందులో పడ్డ చిరునామాలు యజమానికి చేరేలా చూడటం మా వృత్తి. మా ఆఫీసంటే టైలరు షాపు మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, బాబాయి, నేను. కింద టైలరు ఆయనకు చందాదారు అని పేరు పెట్టాడు.

ఈ అలవాటు పుణ్యమా అని బాబాయి ఫోను రోజంతా మోగుతూనే ఉంటుంది. ఆయనకు కుక్క లేదు, కానీ కుక్కల గోళ్లు ఎలా తీయాలో తెలుసు. నెత్తిమీద మచ్చుకైనా వెంట్రుక లేదు, కానీ ఊళ్లో సెలూన్లన్నీ ఆయన జుట్టు గురించి బెంగపెట్టుకున్నాయి. వచ్చిన ప్రతి ఉత్తరమూ చదువుతాడు. బాగుందని జవాబు కూడా రాస్తాడు.

"భోజనం దగ్గర కూడా ఆ ఫోనేనా? ఏం వచ్చిందిప్పుడు?" అంది పిన్ని ఒకరోజు.

"గర్భిణుల వ్యాయామాలు."

"మీకెందుకండీ అవి?"

"ఎనిమిదో నెలట. మెట్లు నెమ్మదిగా ఎక్కమంటున్నారు."

"మీ పొట్ట చూసే పంపి ఉంటారు" అంది పిన్ని, కూర వడ్డిస్తూ.

ఆ మర్నాటి నుంచి బాబాయి ఆఫీసు మెట్లు నిజంగానే నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టాడు.

ఒకసారి ఆయన ఫోను బల్లమీద వదిలి టీకి వెళ్లినప్పుడు ఈ పీడ వదిలిద్దామనుకున్నాను. ప్రతి ఉత్తరం అడుగునా "ఇక పంపవద్దు" అని ఉంటుంది. కుక్కల డాక్టరమ్మ ఉత్తరంలో అది నొక్కబోతుండగా వెనక నుంచి కేక వినబడింది.

"అమ్మాయ్! ఏంటా పని?"

"నీకు కుక్కే లేదుగా బాబాయ్!"

"ఆ సంగతి ఆవిడకి తెలీదుగా! ఒకరు తగ్గారని కనబడితే పొద్దున్నే ఎంత బాధపడుతుందో!"

ఫోను లాక్కుని, ఏమీ జరగలేదన్నట్టు కుక్కపిల్లల స్నానం గురించి చదువుకున్నాడు.

ఇలా ఉండగా మా దగ్గరికి కుర్చీలావిడ వచ్చింది. విరిగిన కుర్చీలు బాగుచేయడం నేర్పుతానని, ఉన్న ఉద్యోగం మానేసి, మా వీధి చివర హాలు అద్దెకు తీసుకున్న మనిషి ఆమె. తరగతులు ఎప్పుడు మొదలయ్యేదీ ఫారంలో చేరినవాళ్లకు ఉత్తరం రాసి చెబుతానని ప్రకటించింది. బాబాయి ఫారం తయారు చేసి ఆమె సైటులో అతికించాడు. అలవాటు ప్రకారం తానూ చేరాడు.

కొన్ని రోజులకు ఆమె నుంచి ఫోనొచ్చింది.

"సైటు తీసేయండి మాస్టారూ. ఒక్కరూ చేరలేదు. హాలు తాళం ఇవాళే ఇచ్చేస్తున్నాను."

"ఒక్కరూ చేరకపోవడమేంటమ్మా? నేను చేరాను!"

"మీరూ లేరండీ" అని ఆమె ఫోను పెట్టేసింది.

బాబాయికి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు. "నేను లేకపోవడమేంటి? దర్జాగా బటను నొక్కాను. ధన్యవాదాలని కూడా చెప్పింది!" అంటూ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంకొకరైతే జనానికి కుర్చీలు అక్కర్లేదనుకుని ఊరుకునేవారు. బాబాయికి మాత్రం అక్కర్లేనిదంటూ లోకంలో ఏదీ లేదు.

ప్రతి ఫారానికీ మేం రెండు కాపీలు చేస్తాం. ఒకటి అసలుది. ఇంకొకటి సరిచూసుకోవడానికి. అందులో పడ్డ చిరునామాలు మా దగ్గరే ఉండిపోతాయి. చూడటానికి రెండూ కవలలే. బాబాయి అసలుది వదిలేసి రెండోదాన్ని సైటులో అతికించాడు. అది వచ్చినవాళ్లందరికీ మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, చిరునామాలు తెచ్చి మా సంచిలో వేస్తోంది.

సంచి తెరిచాం. మొదటి పేరు బాబాయిది. దాని కింద, కిందికి జరుపుతున్నకొద్దీ, ఇంకా పేర్లు, ఇంకా పేర్లు.

"అమ్మయ్య!" అన్నాను.

బాబాయి ఆ మాటకు కూడా ఆగలేదు. ఆమె ఫోను ఎత్తకపోవడంతో ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని మెట్లన్నీ దడదడా దిగేశాడు. ఎనిమిదో నెల సంగతే మరిచిపోయాడు. నేను వెనకే పరుగెత్తాను.

హాలు ముందు కుర్చీలు వ్యానెక్కుతున్నాయి. హాలు యజమాని తాళం కోసం చెయ్యి చాచాడు.

"ఇవ్వకమ్మా! తాళం ఇవ్వకు!" బాబాయి అరుపుకు వీధి వీధంతా తిరిగి చూసింది. "బోలెడుమంది చేరారు! తప్పు నాది. ఒకటి పెట్టబోయి ఇంకొకటి పెట్టాను!"

నా ఫోనులో పేర్లు చూపించాను. ఆమె కిందికీ పైకీ చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడింది. అది ఇంకా బాగుచేయని కుర్చీ. ఇద్దరం పట్టుకోబట్టి సరిపోయింది.

"వీళ్లంతా నాకోసమేనా?" అని ఏడవబోయి నవ్వేసింది. యజమాని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

"మొదట చేరింది మాత్రం నేనేనమ్మా" అన్నాడు బాబాయి.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు బాబాయ్, అన్నిట్లోనూ చేరతావు?"

"నీ చిన్నప్పుడు నేనూ పాత రేడియోల గురించి రాద్దామని ఒక ఫారం పెట్టుకున్నాలే. పొద్దున్నే లేచి చూస్తే సున్నా. మర్నాడూ సున్నా. ఒక్కరున్నా రాసేవాణ్నేమో. మానేశాను. మన దగ్గర చేయించుకున్నవాళ్లెవరూ ఆ సున్నా చూడకూడదు, అంతే." కాస్త నడిచి, "అయినా కుక్కల గోళ్లు తీయడం ఊరికే వస్తుందా?" అన్నాడు.

నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. పైకి మాత్రం, చెప్పులు మార్చుకోమన్నాను.

ఆ వారమే బాబాయి రేడియోల కోసం ఒక పేజీ చేశాను. పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అసలు కాపీయేనని చూసుకుని మరీ ఫారం అతికించి, మొదట నేనే చేరాలని బటను నొక్కాను. చూస్తే నాది రెండో పేరు.

వంటింట్లోకి వెళ్లాను. "పిన్నీ, నువ్వా?"

"ఊరందరి ఉత్తరాలూ చదివే మనిషి రాసింది ఎవరో ఒకరు చదవద్దూ?" అంది. "త్వరగా రాయమను. ఇందాకట్నుంచి భోజనం దగ్గర ఫోను పెట్టుకుని కూర్చున్నాను."