నా భార్య పక్కన జాగా

దువ్వాడ దగ్గర ఉన్న మా పల్లె చర్చి సమాధుల తోటను ఈ ఏడు బాగుచేయించాం. అందులో నా భార్య సమాధి పక్కన ఖాళీగా ఉందనుకున్న జాగాను నాకోసం ఉంచమని సంఘాన్ని ఎప్పుడో అడిగాను. తుమ్మపొదలు కొట్టించేసరికి సరిగ్గా అక్కడే, ఇటుకలు పేర్చిన పాత సమాధి బయటపడింది. మూరెడు పొడవు. ఎవరో పసిబిడ్డది. పేరు లేదు.

"దీనికోసం ఎవులొత్తారు తాతా? సదును సేసేత్తాను. నీ జాగా నీకుంటాది," అన్నాడు మేస్త్రి.

"వద్దులే. దానికీ సున్నం కొట్టు."

"మరి నువ్వెక్కడ తొంగుంటావేటి?"

"గోడవార చూడు."

మాకు పిల్లలు లేరు. ఆమె ఒక్కతే ఉందని, ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ చాలాసేపు కూర్చునేవాణ్ని. ఇప్పుడు తొందరగానే లేస్తున్నాను. ఇంటికొచ్చాక మాత్రం పొద్దుపోవడం లేదు.