నలభై వేల పాటల చంద్రమౌళి

బొబ్బిలి బజారులో రంగుల డబ్బాలూ మేకులూ పైపులూ అమ్మే చంద్రమౌళిని "వ్యాపారం ఎలాగున్నాదేటి?" అని అడిగితే "ఉన్నాది" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు. "మేడమీద పాటలు ఎలాగున్నాయి?" అని అడిగితే మాత్రం కుర్చీ వేసి, టీ తెప్పించి, వచ్చినవాడు తాను కొనాల్సిన బ్రష్షు సంగతి మర్చిపోయేదాకా వదిలేవాడు కాదు.

మేడమీద గదిలో ఉన్నది ఒక నల్లపెట్టె. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. దాని కడుపులో నాలుగు హార్డ్ డిస్కులు, వాటిలో నలభై నాలుగు వేల పాటలు. పన్నెండేళ్లపాటు పాత రికార్డులు, క్యాసెట్లు, సీడీలు ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చి, ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించి, పాడినవాళ్ల పేరు, రాగం, సంవత్సరం, అట్టమీది బొమ్మ అన్నీ తగిలించాడు. ప్రతిధ్వని రాకుండా గోడలకు బొంతలు కొట్టించాడు. రెక్కల చప్పుడు వీణ తీగ చివరి నాదాన్ని మింగేస్తోందని ఫ్యాను పీకించేశాడు. దాంతో మార్చి నుంచి అక్టోబరు దాకా ఆ గదిలో కూర్చుని పాట వినడం మనిషన్నవాడి వల్ల అయ్యే పని కాదు.

ఆ పెట్టెను ఆయన సర్వర్ అనేవాడు. అది వచ్చిన కొత్తలో "మేడమీద సర్వర్ని పెట్టాను" అంటే, ఆయన అత్తగారు, అమ్మడు, హోటల్లో ఇడ్లీలు వడ్డించే మనిషిని పనికి పెట్టాడనుకుంది. "ఆడికి కూడు ఎవులు పెడతారే? పడకెక్కడ?" అని తన కూతుర్ని, చంద్రమౌళి భార్య కన్యాకుమారిని, చాటుగా అడిగింది. సంగతి తెలిశాక కూడా ఆమెకు అనుమానం పోలేదు. "మరి ఒక్క పాటా పూర్తిగా పాడడేటి ఆ సర్వరు?" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. చంద్రమౌళి పాటలు వినేవాడు కాదు, పరీక్షించేవాడు. పరీక్షకు ఏడు ముక్కలు ఉండేవి. ఒకదాంట్లో మృదంగం ఎడమవైపు మోగాలి, ఇంకొకదాంట్లో గాయని ఊపిరి పీల్చడం వినపడాలి. నలభై సెకండ్లు విని, "ఊఁ, వచ్చింది" అని తల పంకించి, ఆపేసి, తీగ మార్చి మళ్లీ మొదటినుంచి పెట్టేవాడు. ఆ ఏడు పాటలూ చివరికి ఎలా ముగుస్తాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

విజయనగరం కాలేజీలో పాఠాలు చెప్పే మేనల్లుడు సాయికిరణ్ వచ్చినప్పుడల్లా ఒకటే వాదన.

"మావా, ఇంకెన్నాళ్లు ఈ డిస్కులు? నెలనెలా ఇంతని కడితే లోకంలో పాటలన్నీ ఫోన్లోకే వస్తన్నాయి కదా. ఇంకో పదేళ్లకి నీ పెట్టెని మ్యూజియంలో పెడతారు."

"అయ్యి అద్దె పాటల్రా. ఇంటివోడు ఎప్పుడు ఖాళీ సెయ్యమంటే అప్పుడు సెయ్యాల. నాది సొంతిల్లు."

మొన్న దీపావళికి మావ మాటే గెలిచింది. సాయికిరణ్ ప్రాణంగా వినే పాట ఒకటి ఫోన్లో బూడిదరంగుకు తిరిగి, ఎంత నొక్కినా పలకడం మానేసింది. హక్కుల ఒప్పందం అయిపోయిందట. చంద్రమౌళి ఆ వార్తను వారం రోజులు కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. పైపు ముక్క కోసం వచ్చిన మేస్త్రీకి కూడా చెప్పాడు.

ఆ ఊపులోనే, భవిష్యత్తు తన పెట్టెదే గనక దాన్ని భవిష్యత్తుకు తగ్గట్టు తయారు చేయాలని శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. నాణ్యత తక్కువైన ఫైళ్లను పట్టిచ్చే ప్రోగ్రాం ఒకటి నడిపాడు. అది మూడు వేల పైచిలుకు పేర్లు చూపించింది. మొదటి నలభై చదివాడు, అన్నీ తాలే. మిగతావి చదవకుండానే అన్నింటినీ కలిపి ఒక్క నొక్కుతో తీసేసి, ధాన్యం చెరిగిన వాడిలా హాయిగా చేతులు దులుపుకున్నాడు.

శివరాత్రి దగ్గరపడింది. కన్యాకుమారి, వాళ్ల వీధి ఆడవాళ్లు పదిమంది కలిసి శ్రీముఖలింగం శివాలయానికి వెళ్లి హారతి పాట పాడాలనుకున్నారు. పాట అమ్మడిది. ఆవిడ పుట్టిల్లు ఆ గుడి ఉన్న వంశధార నది ఒడ్డునే. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాట, ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మడు పోయి నాలుగేళ్లయింది. రెండు చరణాలు అందరికీ వచ్చు. మూడో చరణం దగ్గరకొచ్చేసరికి పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా అమ్మ పాడింది మీ పెట్టెలో ఉన్నాది కదేటండీ," అంది కన్యాకుమారి. ఇరవై ఆరేళ్ల కిందట ఆమె సీమంతంలో తీసిన క్యాసెట్ అది. చంద్రమౌళే కంప్యూటర్లోకి ఎక్కించి, ఇక శాశ్వతం అని ధైర్యం చెప్పి, క్యాసెట్‌ను పారేశాడు.

"ఎందుకుండదూ," అంటూ మేడెక్కాడు. ఆ రోజు కిందికి దిగినప్పుడు "వెతుకుతన్నాను" అన్నాడు. మర్నాడు "లైబ్రరీ పెద్దది కదేటి" అన్నాడు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, కలపకుండా, "తీసేశాను," అన్నాడు.

"ఏటి తీసేశారు?"

"క్వాలిటీ లేదని మిషన్ సూపించింది. సూడకుండా నొక్కేశాను."

"ఒకటి పోతే రెండోది ఉంటాదనీవోరు కదా?"

చంద్రమౌళి వివరించాడు. నాలుగింటిలో రెండు డిస్కులు మిగతా రెండింటికి అద్దాల్లాంటివి. డిస్కు చెడిపోతే కాపాడతాయి. కానీ మనిషే చేత్తో తీసేస్తే, అవీ అంతే నమ్మకంగా అదే సెకండులో తీసేస్తాయి.

కన్యాకుమారి కేకలు వేయలేదు. పప్పు గిన్నె కింద పెట్టి, "నలభై వేల పాటల్లో మా అమ్మకి సోటు సాల్లేదేటండీ?" అంది.

సాయికిరణ్‌కు ఫోన్ చేశారు. అతను తన ఫోన్లో గంటసేపు వెతికి, హారతులు వందలున్నాయని, అన్నిట్లోనూ కీబోర్డే మోగుతోందని, అమ్మడు మాత్రం లేదని చెప్పాడు. సొంతిల్లూ అద్దె ఇల్లూ రెండూ అయిపోయాయి.

గుర్తొచ్చింది కన్యాకుమారికే. సాలూరులో లారీ నడిపే నరసింగరావు చంద్రమౌళితో కలిసి చదువుకున్నవాడు. అమ్మడు పాట ఒకసారి విని ముచ్చటపడి, తన పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాడు. తనే ఫోన్ చేసింది.

"ఉన్నాది సెల్లీ," అన్నాడు నరసింగరావు. "పొద్దున్నే బండి తీసినప్పుడు అదే ముందు. అత్త పాట పెట్టకుండా నేను ఘాటీ ఎక్కను. బేగి రండి, రేపు రాయపూర్ లోడు."

మొగుడూ పెళ్లాలు ఆ మధ్యాహ్నమే సాలూరు బస్సెక్కారు. చంద్రమౌళి సంచిలో లాప్‌టాప్, మూడు రకాల తీగలు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్ల పక్కన బండి ఆగి ఉంది. ఇంజన్ ఆపితే బ్యాటరీ దిగిపోతుందని నరసింగరావు దాన్ని నడుస్తూనే ఉంచాడు. ముగ్గురూ క్యాబిన్‌లోకి ఎక్కారు. ముందు ఏదో సినిమా పాట పెద్దగా మోగింది. నరసింగరావు మీట నొక్కాడు. అమ్మడు గొంతు సవరించుకుంది.

అలవాటు కొద్దీ చంద్రమౌళి తప్పులు లెక్కపెట్టాడు. టేపు బుసలు, ఎక్కడో కాకి, పడిపోయిన స్టీలు గ్లాసు. పైగా ఇంజన్ కుదుపుకు తలుపు అద్దం వేరే శ్రుతిలో కూస్తోంది. నలభై సెకండ్లు దాటాయి. ఆయన చెయ్యి ఆపేయడానికి ముందుకు వెళ్లింది. కన్యాకుమారి ఆ చేతిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మూడో చరణం వచ్చింది. వంశధార నీళ్లు కడవతో తెచ్చిన ముసలమ్మ, దేవుడికి పోసేముందు అవి చల్లగా ఉన్నాయో లేదో తన చేతిమీద పోసి చూసుకుంటుంది. ఆ మాట దగ్గర కన్యాకుమారి తల్లితో గొంతు కలిపింది. చంద్రమౌళి పాట అయిపోయేదాకా కదల్లేదు.

"ఎలాగున్నాదిరా మౌళీ? ఎనిమిది స్పీకర్లు ఏయించాను," అన్నాడు నరసింగరావు గర్వంగా. "బేస్ పెంచమంటావేటి?"

"వద్దురా. బాగున్నాది," అన్నాడు చంద్రమౌళి, ముక్కు తుడుచుకుంటూ.

కాపీ చేసుకోవాలని ఆయన సంచిలోంచి లాప్‌టాప్ తీసి, అది మేలుకునేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా కన్యాకుమారి పాటను మళ్లీ పెట్టించి, తన ఫోన్‌ను స్పీకర్ ముందు పట్టుకుని రికార్డు చేసేసింది.

"అయ్యో, తీగ ఉన్నాది కదే! ఇంజన్ సౌండంతా ఎక్కిపోతాది!"

"ఎక్కనీండి," అంది. ఆయన తీగ దొరకబుచ్చుకునేసరికి ఆ పాట పదిమంది ఆడవాళ్ల ఫోన్లలోకి చేరిపోయింది. వాళ్లు అక్కచెల్లెళ్లకు పంపారు. సాయంత్రానికి దాన్ని లోకంలోంచి తీసేయడం ఏ సర్వర్ వల్లా కాని పని అయింది.

శివరాత్రినాడు శ్రీముఖలింగంలో పదకొండు మందీ మూడు చరణాలూ తడుముకోకుండా పాడారు. చంద్రమౌళి రెండు మైకులు నిలబెట్టి, గంటలు కొట్టే భక్తులను కళ్లతో బతిమాలుతూ, తొమ్మిది నిమిషాల పాటను తన జీవితంలోకెల్లా గొప్పగా రికార్డు చేశాడు. ఫైలు ఆరు వందల ఎంబీ వచ్చింది. పాడినవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎవరి ఫోన్లోనూ తెరుచుకోలేదు. చోటు లేదని కొన్ని, ఇదేటో తెలియదని కొన్ని మొరాయించాయి.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు కొట్లో బేరం లేని వేళ, గల్లాపెట్టె వెనక కూర్చుని, అటూ ఇటూ చూసి, తన చేత్తోనే ఆ ఫైలును ఆరు ఎంబీలకు కుదించి పంపించాడు. నిమిషంలో పదకొండు దండాల బొమ్మలు వచ్చాయి. వాటి వెనకే ఎదురింటావిడ సందేశం: "అన్నయ్యగారూ, సానా బాగున్నాది. ముప్పై సెకండ్లకి కోసి పెట్టరూ? రింగ్‌టోన్ పెట్టుకుంటాను."

చంద్రమౌళి కళ్లజోడు తుడుచుకుని, మూడో చరణం దగ్గర కోయడం మొదలుపెట్టాడు.