నీళ్ళ దిక్కు పేరు

ఆ రోజుల్లో నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. చదువు విషయంలో కాదు (ఆ సంగతి డిగ్రీ రెండో ఏడాదిలోనే తేలిపోయింది), ఎవరు నన్ను ఎక్కడ చిన్నచూపు చూశారన్న విషయంలో. ఆరో తరగతిలో నన్ను కబడ్డీ జట్టులోకి తీసుకోనివాడి పెళ్ళికి పనిగట్టుకుని వెళ్ళి, అందరూ చూస్తుండగా భోజనం చేయకుండా తిరిగి వచ్చినవాణ్ణి. వాడు గమనించలేదని తర్వాత తెలిసింది. అది ఇంకో అవమానం. ఈ జబ్బు వల్ల ఒక కుంట తెగిందని, ఒక తోట ఎండిందని ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాను గాని, అందులో ఒక రాయి తప్పు కూడా ఉందని ఇప్పటికీ నా వాదన.

మాది రుద్రవరం దగ్గర, కొండల కింద ఊరు. అప్పటికే వానలకు వరస తప్పింది. వస్తే నెల వాన ఒక్క పూటలో కురిసి మట్టిని కోసుకుపోయేది, లేకపోతే వారాల తరబడి ఆకాశం తెల్లగా ఉండేది. బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కసాగాయి. మా చిన్నాయన చీనీ తోట పెట్టి నాలుగేళ్ళు. బత్తాయిని మా దిక్కు చీనీ అంటాం. తొలి కాపు రావలసిన సమయానికి ఆయన రెండో బోరు కూడా ఎండిపోయింది. మిగిలిన ఒక్క బోరూ ఆగి ఆగి పోస్తోంది. కొందరు కలిసి సంఘం పెట్టి, ఊరికి ఎగువన పూడిపోయిన కుంటను బాగుచేయాలనుకున్నారు. కుంటలో నీళ్ళు నిలిస్తే భూమిలోకి ఇంకి బోర్లు బతుకుతాయని ఆశ. సంఘానికి పెద్ద మైకన్న (చేతికి మైకు అందితే వదలడు కనుక ఆ పేరు). ఆ ఎండాకాలమంతా ఊరు ఊరే పూడిక తీసి పొలాలకు తోలుకుంది. ఉద్యోగం సద్యోగం లేని నన్ను కాపలా పెట్టారు.

కాపలా అంటే కూర్చోవడం కాదు. తొలి ఏడాది నీళ్ళు ఎక్కువ నిలవాలని, నిండిన నీళ్ళు బయటికి పోయే అలుగు మీద ఇసుక మూటలు పేర్చారు. కొండ మీద పెద్ద వాన పడితే వెంటనే పోయి ఆ మూటలు తీసేయాలి. లేకపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లి కట్టనే తెంపుతాయి. ఇదీ నా ఉద్యోగం.

పని ముగిశాక ఆళ్ళగడ్డలో చెక్కించిన నల్లరాయిని కట్ట మీద నిలబెట్టారు. గుడ్డ తీసిన రోజు ముందు వరసలో నిలబడి పై నుంచి కింది దాకా చదివాను. మైకన్న పేరు ఉంది. ట్రాక్టరు ఇచ్చినవాడి పేరు ఉంది. ఒక్క రోజు బూందీ పంచినవాడి పేరు కూడా ఉంది. ఎండలో నెలల తరబడి మట్టి మోసిన నా పేరు లేదు. నేరుగా ఇంటికి వచ్చేశాను. మర్నాటి నుంచి కట్టకు ఆ చివరనున్న అలుగు దగ్గరికి పొలాల మీదుగా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి తప్ప, రాయి మొహం చూడలేదు. చిన్నాయన రెండుసార్లు పిలిచాడు.

"రేయ్, ఆ రాయి కాడికి ఒకతూరి వచ్చి చూడు."

"చూసినా చిన్నాయనా. బాగుండాది. బూందీ కూడా బాగుండె."

"అది కాదురా నేను చెప్తాండేది."

"నాకు పని ఉండాది."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వునూ అవమానాల్లో చేర్చుకున్నాను.

పది రోజులకు నంద్యాలలో ఏదో పెద్ద సభ. వాతావరణం మారిపోతోంది, ఊళ్ళు ఏం చేయాలి అని మాట్లాడతారట. మా కుంట గురించి చెప్పమని మైకన్నను పిలిచారు. సంఘమంతా ఇస్త్రీ చొక్కాలతో ఆటో ఎక్కింది.

"నన్ను పిలవల్యా?" అన్నాను.

"కుంట కాడ ఒకరన్నా ఉండల్ల కదప్పా. నువ్వుంటే మాకు దిగుల్లేదు" అన్నాడు మైకన్న.

ఆటో కదులుతుంటే చిన్నాయన తల బయటికి పెట్టి, "కొండ దిక్కు మబ్బు పడితే మూటలు తీసేయ్. మర్చిపోవద్దు" అన్నాడు.

"నేనేమన్నా మర్చిపోయేటోన్నా చిన్నాయనా?" అన్నాను. నిజమే, మరపు నా జబ్బు కాదు.

ఆటో మలుపు తిరగగానే నేను ఆళ్ళగడ్డ బస్సెక్కాను. నా పేరు కొట్టేయించింది ఎవరో, రాయి చెక్కిన మనిషి నోటితోనే చెప్పించి, సభ నుంచి తిరిగి వచ్చినవాళ్ళను నిలదీయాలని నా పథకం. శిల్పి ముసలాయన, ఇంకా కళ్ళు చెక్కని దేవుళ్ళ మధ్య కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. ఊరి పేరు చెప్పి, జాబితా చూపించమని గట్టిగా అడిగాను.

"నీ పేరేందప్పా?"

చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా? నీ పేరు ఎనకపక్క చెక్కినా గదప్పా. నీళ్ళ దిక్కు. మీ చిన్నాయనే వచ్చి చెప్పి చెక్కిచ్చినాడు. ముందరపక్క పెడితే పేర్లు లేనోళ్ళంతా కొట్లాటకొస్తారంట. వాడు నీళ్ళు చూసుకునేటోడు, వాని పేరు నీళ్ళ దిక్కే ఉండనీ అన్నాడు. చూసుకోల్యా?"

అంతలో రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. బయటికి వచ్చి చూస్తే కొండల మీద ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. బస్సు కోసం పట్టిన అరగంట, బస్సులో గంట, దిగాక మోకాటి లోతు బురదలో పరుగు. ఇవేవీ నాకు సరిగ్గా గుర్తు లేవు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడికి అవే గుర్తు లేవు.

నేను పోయేసరికి వాన వెలిసింది. అలుగు మీద మూటలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. కట్ట మధ్యలో రెండు బండ్లు పట్టేంత గండి. ఊరంతా మోసి పోసిన మట్టి దిగువ చేలలో పరుచుకుంది. రాయి కుంట లోపలికి దొర్లి, వెనకపక్క పైకి వచ్చి బోర్లా పడి ఉంది. దాని మీద నా పేరు, మా నాయన పేరుతో సహా, పెద్ద పెద్ద అక్షరాల్లో. మైకన్న పేరు కంటే పెద్దవి.

సాయంత్రం నంద్యాల నుంచి వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. వాటిని గుర్తుపెట్టుకునే హక్కు నాకు లేదు గనుక రాయను. చిన్నాయన మాత్రం మెడలో శాలువాతోనే కుంటలోకి దిగి, రాయి దగ్గర నిలబడి, "చూసుకుంటివా?" అని అడిగాడు. అంతే. ఆ తర్వాత ఆ ఏడాది పెద్ద వాన లేదు. ఎండాకాలానికి మూడో బోరూ ఆగింది. చీనీ చెట్లు పిందెలతోనే ఎండాయి. కోసేటప్పుడు రంపానికి ఒక చివర ఆయన, రెండో చివర నేను.

రెండేళ్ళకు కట్ట మళ్ళీ వేశారు. రాయి ఎక్కడ పెట్టాలన్న చర్చ వస్తే చిన్నాయనే, "లోపల తూము కాడ నిలబెట్టండి. నీళ్ళు ఎంత మట్టానికి వచ్చినయో తెలుస్తాది" అన్నాడు. నా పేరున్న పక్క కట్ట దిక్కు, పేరు రాయి అడుగున. కుంట సగం నిండితే చాలు, అది మునిగిపోతుంది. వెనకపక్క చెక్కించిన సంగతి ఆయన ఒక్క ముక్క నోటితో చెప్పి ఉంటే ఏం పోయేదని ఈ మధ్య కూడా అడిగాను. "చెప్తే వింటివా?" అన్నాడు. (దీనికీ నా దగ్గర జవాబు ఉంది. ఇంకా ఇవ్వలేదు.)

ఇప్పటికీ కాపలా నేనే. జీతం లేదు, ఎవరూ అడగలేదు. కొండ మీద మబ్బు పడితే అన్నం ముందు నుంచి లేచి పోతాను. నిరుడు నా పేరు మునగలేదు. ఈ ఏడు కూడా ఇంతవరకు మునగలేదు. కట్ట మీద పోయే ప్రతివాడికీ అక్షరం అక్షరం కనిపిస్తోంది. ఆ వయసులో నేను కోరుకున్నది ఇదే. పొద్దున అలుగు దాకా నడిచి, ఎండిన కుంటలో నిలబడి ఉన్న నా పేరును చూసి, ఆ పిల్లవాణ్ణి తలుచుకుని కాస్త నవ్వుకుని, మళ్ళీ కొండ దిక్కు చూస్తాను.