బ్రేకులు అమ్మినవాడూ బండెక్కాలి

కొండ మీది ఊరు యానాలోమాలో పికప్ డ్రైవర్ల సంఘం దోన్ నికనోర్ పిలతాసిగ్‌ను స్టాండులోని బండ్ల వరుస నుంచి తొలగించింది. సంజాయిషీ అడగలేదు, విచారణ జరపలేదు. సంతరోజు ఉదయం ఆయన బండి స్టాండుకు వచ్చేసరికి అడ్డంగా గొలుసు కట్టి ఉంది. ఆయన చేసిన నేరం, సంఘం ఖాయం చేసిన చవక బ్రేకులను బిగించుకోకపోవడం.

నికనోర్‌కు ఉన్న విడ్డూరమైన అలవాటు ఒక్కటే. ఎవరు ఏది అమ్మినా, ఏది అంటగట్టినా, చివరికి ఏది బోధించినా, "మీరూ వస్తారా?" అని అడుగుతాడు. మందుల షాపువాడు కడుపునొప్పికి మాత్ర ఇస్తే, వాడూ ఒకటి మింగేదాకా గడప దిగలేదు. పాద్రీ స్వర్గాన్ని కళ్ళకు కట్టినట్టు వర్ణిస్తే, చివరి బెంచీ నుంచి లేచి, "ఫాదర్, మీరూ వస్తారా? ఎప్పుడు బయల్దేరదాం?" అని ఎంతో వినయంగా అడిగాడు. తర్వాతి ఆదివారం ప్రసంగం నరకం గురించి. నికనోర్ మళ్ళీ లేవబోతే భార్య శాలువా పట్టి కిందికి లాగింది.

బ్రేకుల దగ్గర ఈ అలవాటు చట్టమైపోయింది. యానాలోమా నుంచి పట్నానికి దిగే దారి పేరు గాడిద గొంతు. ఒకపక్క కొండ, ఇంకోపక్క పొగమంచు. ఆ మంచు కింద ఏముందో చూసి, తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు. మలుపు మలుపునా శిలువలు, వాటి మెడలో ప్లాస్టిక్ పూలు. నికనోర్ అంత పిరికి డ్రైవరు ఆ కొండల్లో ఇంకొకడు లేడు. జుట్టు నెరిసేదాకా ఆ దారిలోనే నడిపి, ప్రతిసారీ అదే మొదటిసారి అన్నట్టు వణుకుతాడు.

"దోన్ నికనోర్, ఇప్పుడే మనల్నొక నత్త దాటిపోయింది," అని బండి వెనక తొట్టిలో కూర్చున్నవాళ్ళలోంచి ఎవరో అరిచేవారు.

"పోనీ. దాని వీపు మీద దాని ఇల్లొక్కటే ఉంది. నా వెనక ఎన్ని ఇళ్ళవాళ్ళున్నారో చూసుకో."

బ్రేకులు అమ్మినవాడు తన బండెక్కి గాడిద గొంతు దిగాల్సిందే. అందుకే కింది పట్నం లాటాకుంగాలో విడిభాగాల వీధి మలుపులో ఆయన ఎర్ర బండి కనిపిస్తే, ఒక దుకాణదారుకు ఉన్నట్టుండి మోకాలినొప్పి వచ్చేది. ఇంకొకడు కొనేవాళ్ళను లోపలే పెట్టి షట్టరు దించేసేవాడు. చివరిసారి ఆయన కొత్త బ్రేకులకు వచ్చిన రోజు దుకాణదారు గొన్సాలో ఎరాసో ఒక్కడే తప్పించుకోలేకపోయాడు. అప్పుడతను నిచ్చెన మీద ఉన్నాడు.

దిగి, ఒక పెట్టె బల్ల మీద పెట్టాడు. "మీ సంఘం ఖాయం చేసింది ఇదే. చవక."

"మంచిది. దీంతో గొంతు దిగుతాను. మీరూ వస్తారా?"

గొన్సాలో చెయ్యి ఆ పెట్టె మీంచి దానంతటదే జారిపోయింది. "అయితే ఇది తీసుకోండి. అసలు కంపెనీది."

"దీని ధర వింటేనే నా బండి ఆగిపోతుంది. ఇక బ్రేకుతో పనేముంది?"

గొన్సాలో నిట్టూర్చి, అర వెనక నుంచి దుమ్ము పట్టిన మూడో పెట్టె తీశాడు. బ్రేకు ప్యాడ్ వెనక రేకు మీద తయారుచేసినవాడి పేరు, నంబరు చెక్కి ఉన్నాయి. ప్యాడ్ అంచులదాకా రేకుకు అతుక్కుని ఉంది, ఎక్కడా నెర్ర లేదు. "పెద్ద పేరున్న సరుకు కాదు. కానీ వేడెక్కినా పట్టు వదలదు. మా తమ్ముడి బండికి ఇవే వేశాను."

"మొదటే ఎందుకు చూపించలేదు?"

"ఎవరడిగారు? అందరూ ధర ఒక్కటే అడుగుతారు."

"నేనూ ధర అడుగుతాను. ఆ తర్వాత మిమ్మల్ని అడుగుతాను."

మంగళవారం యానాలోమా నుంచి సంతకు దిగే నికనోర్ బండి తొట్టిలో గొన్సాలో ఉన్నాడు. ఒకపక్క గుడ్లమ్మే దోన్యా సొయిలా, ఆమె ఒడిలో బుట్ట. ఇంకోపక్క కాళ్ళు కట్టేసిన గొర్రె. దాని ముఖంలో ఉన్నపాటి ధైర్యం కూడా తనకు లేదని అతనికి తెలుస్తూనే ఉంది.

"గట్టిగా పట్టుకో నాయనా," అంది సొయిలా. "నన్ను కాదు, ఆ కమ్మీని."

రెండో మలుపులో చక్రం కింద నుంచి ఒక రాయి జారి మంచులోకి పోయింది. అది అడుగున పడే చప్పుడు కోసం గొన్సాలో చెవులు రిక్కించాడు. ఏ చప్పుడూ రాలేదు. ఇన్నాళ్ళూ తను అమ్మిన చవక పెట్టెలన్నీ వరుసగా కళ్ళ ముందుకొచ్చాయి. అవి ఎవరి బండ్లలో ఉన్నాయో తనకు తెలియదు. ఆ తొట్టెల్లో ఎవరు కూర్చున్నారో అసలే తెలియదు. ఇంతలో మంచును చీల్చుకుని దారికి అడ్డంగా ఒక ఆవు. బండి మూలిగి, ఒక్క వణుకు వణికి, ఆగింది. ఆవు తాపీగా అందరి ముఖాలూ పరామర్శించి పక్కకు తప్పుకుంది. బుట్టలో ఒక్క గుడ్డూ చిట్లలేదు.

కింద దిగగానే గొన్సాలో నికనోర్ మీద విరుచుకుపడ్డాడు. "ఇంతమందిని ఎక్కించుకుని బ్రేకులు పరీక్ష చేస్తారా? మీకేమన్నా మతి ఉందా?"

సొయిలా పకపకా నవ్వింది. "పరీక్షా? అది పొద్దు పొడవకముందే అయిపోయింది నాయనా. మా అందరి బరువుకూ సరిపడా మట్టి మూటలు నింపుకుని ఒక్కడే దిగి, ఒక్కడే ఎక్కొచ్చాడు. కొత్త బ్రేకులు వేసినప్పుడల్లా అంతే. నా వంతుకు మూడు మూటలేస్తాడు. రెండు చాలయ్యా అంటే వినడు."

గాలికి ఆకు కదిలినా ఉలిక్కిపడే ఆ మనిషి, ఆ చీకట్లో, ఒంటరిగా. గొన్సాలో నికనోర్ వైపు తిరిగాడు. "మరి నన్నెందుకు ఎక్కించారు?"

నికనోర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మీకు పెట్టెలు తెలుసు. వీళ్ళు తెలియదు. పరిచయం చేద్దామని."

ఆ వారమే సంఘం మనిషి చవక పెట్టెల కోసం దుకాణానికి వచ్చాడు. ప్రతి పెట్టె మీదా కమిటీకి కమీషన్ ఉంది. గొన్సాలో బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, "ఇస్తాను. మీరూ వస్తారా?" అన్నాడు. బేరం అక్కడితో ముగిసింది. ఆ మాట ఎవరి దగ్గర నేర్చాడో కమిటీకి చెప్పనక్కరలేదు. తర్వాతి సంతరోజుకు స్టాండు దగ్గర గొలుసు పడింది.

ఇదంతా రాసింది ఇందుకే. సంఘం అధ్యక్షులు దోన్ ఎఫ్రాయిన్ గారికి, కమిటీ సభ్యులకు: ఆ గొలుసు తీయండి. నికనోర్ వరుస నికనోర్‌కు ఇవ్వండి. కుదరదంటే, మీరు ఖాయం చేసిన బ్రేకులను మీ బండికే బిగించి, మీరంతా తొట్టిలో కూర్చుని, వచ్చే మంగళవారం గాడిద గొంతు దిగి చూపించండి. బరువు తక్కువైతే మట్టి మూటలు నికనోర్ అరువిస్తానన్నాడు. దోన్యా సొయిలా మాత్రం మీతో రాదు. గుడ్లను కూడా పంపనంది.