మా వంశంలో లేని జబ్బు

నా రొమ్ములో గడ్డ క్యాన్సరేనని గుంటూరు డాక్టరమ్మ తేల్చేలోపే, అదెక్కడినుంచి వచ్చిందో మా మేనత్త తేల్చేసింది. "మా వంశంలో లేదమ్మా ఇది. మీ అమ్మ వైపుదే!" పత్తి మొలవకపోతే ముందు విత్తనాల కొట్టు మీదికి పోయే ఊరు మాది. ఈసారి ఆ కొట్టు మా అమ్మమ్మగారి ఊరయింది.

నాకు ఆపరేషనై, మందులెక్కించి, ఊడిన జుట్టు మళ్ళీ మొలిచేదాకా, అమ్మ ఏడాదిపాటు తప్పంతా తనదేనన్నట్టు తలొంచుకు తిరిగింది. జబ్బు కంటే అది చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

ఆ మంటతోనే జన్యు పరీక్ష చేయించుకున్నాను. లోపం దొరికింది. మన కణాల్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుందట. దాన్ని బాగుచేసే ప్రొటీన్లు ఉంటాయట. అలాంటి ఒక ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నాకొచ్చిన రెండింట్లో ఒకటి పుట్టుకతోనే చెడింది, రెండోది తర్వాత రొమ్ములోని ఏదో కణంలో పాడైందట.

ఇదంతా అత్తకి వాళ్ళ మిరప కళ్ళంలో కూర్చునే చెప్పాను. ఎండు కాయల్లోంచి తెల్లబడ్డ తాలు ఏరిపారేయడంలో మా చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు.

"అత్తా, కుప్ప దగ్గర తాలేరేవాళ్ళు ఇద్దరే అనుకో. ఒకామె మొదటినుంచీ పనికే రాలేదు. రెండో ఆమె కూడా మధ్యలో ఇంటికి పోతే?"

"తాలంతా బస్తాలోకే పోద్ది."

"నా కణాల్లో జరిగింది అదే. తెగిన డీఎన్ఏ బాగుపడక గడ్డయింది."

"అయితే ఆ రాని మనిషి మీ అమ్మ పంపిందే," అంది వెంటనే. ఓరి దేవుడా!

ఇక లాభం లేదని అమ్మనీ నాన్ననీ పరీక్షకి తీసుకెళ్ళాను. నాన్న మీసం దువ్వుకుంటూ, "మీ అమ్మకి ధైర్యంగా ఉంటుందని వచ్చా," అని చెయ్యి చాచాడు. కొన్ని వారాలకి రిపోర్టులొచ్చాయి. అమ్మకి ఏ లోపమూ లేదు. ఉన్నది నాన్నకి. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మీసం మీదికి పోయిన చేతిని మధ్యలోనే దించేశాడు. నేను సిగ్గులేకుండా పకపకా నవ్వాను.

ఆ సాయంత్రమే అత్త మా ఇంట్లో దిగబడింది. "ఏరా తమ్ముడూ, ఆడాళ్ళ జబ్బు మీసమున్నోడికి ఎట్టా వచ్చుద్దిరా? ల్యాబోళ్ళు సీసాలు మార్చేసుంటారు!"

"జబ్బు కాదత్తా, లోపం. మగాళ్ళ నుంచి కూడా పిల్లలకొస్తుంది. నాన్నకి మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చుంటుంది. నీకూ ఉండొచ్చు, పరీక్ష చేయించుకో. మీ వంశంలో ఎవరికీ లేదుగా, భయమెందుకు?" అని ఎత్తిపొడిచాను.

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మా అమ్మకీ ఇదేనే. రొమ్ము మీద పుండు పడింది. నాకప్పుడు పన్నెండేళ్ళు, ఆ గుడ్డలన్నీ నేనే ఉతికా. ఎవరడిగినా పచ్చకామెర్లని చెప్పమంది. తెలిస్తే నాకు సంబంధాలు రావని."

నాన్న అప్పటికి పసివాడు. ఆయనా ఈ మాట వినడం ఇదే మొదటిసారి. ఎత్తిపొడవడానికి నా దగ్గర ఇంకా బోలెడు సరుకుంది. అదంతా పక్కనపెట్టి అత్తకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చి అత్తకి ఎదురుగా కూర్చుంది.

"ఏడాదంతా దీనికిచ్చిన నా పాలనే తిట్టుకున్నాను వదినా," అంది.

అత్త అమ్మ చేతులు పట్టుకుని బావురుమంది. అమ్మ విడిపించుకోలేదు. ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి, "రేపు పొద్దున్నే బస్సుకి వెళ్దాం. పరీక్షకి మీతో నేనొస్తా," అంది.