వద్దని చెప్పే మనిషి

మాస్టారు పోయారన్న కబురు నాకు ఐస్ మెషిన్ దగ్గర అందింది. ప్రాక్టీసు అప్పుడే అయింది. ఆటగాళ్ళ మోకాళ్ళకీ మడమలకీ కట్టడానికి సంచుల్లో ఐస్ నింపుతున్నాను. ఫోన్‌లో ఆయన కూతురి మెసేజ్, ఇంగ్లీషులో, రెండే వాక్యాలు. నాన్న ఈ ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయారు, ముందు నీకే చెప్పాలనిపించింది అని. నేనింకా నాలుగు సంచులు నింపాలి. నింపాను. మధ్యలో వదిలేసి కూలబడితే ఆయనే తిట్టేవారు. అందరికీ పంచిపెట్టాక స్టోర్‌రూములోకి వెళ్ళి, టేపు డబ్బాల మధ్య కూచుని ఏడ్చాను.

మీలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. చూసేవాళ్ళకైనా మేం కనపడం. ఆటగాడు కింద పడ్డప్పుడు బ్యాగు పట్టుకుని పరిగెత్తే ఇద్దరు ముగ్గురు ఉంటారే, వాళ్ళం మేం. ఎడ్మంటన్‌లో ఒక చిన్న ప్రొఫెషనల్ టీముకి ఆయన పదిహేనేళ్ళు హెడ్ థెరపిస్టుగా చేశారు. చివరి ఆరేళ్ళు నేను ఆయన అసిస్టెంటుని. డాక్టరు కాకపోయినా ఆటగాళ్ళు ఆయన్ని డాక్ అనేవాళ్ళు. నేను మాస్టారూ అనేదాన్ని.

ఆయన ముత్తాతని చెరకు తోటల్లో పనికి ఫిజీ తీసుకెళ్ళారట. ఆయన అక్కడే పుట్టి, పెళ్ళీడుకి బ్రిటిష్ కొలంబియా చేరారు. నానమ్మ దగ్గర పట్టుబడిన కాస్త తెలుగు, దానికి రెట్టింపు ఫిజీ హిందీ, మిగతాదంతా ఇంగ్లీషు. నా ఇంటర్వ్యూ రోజున అప్లికేషన్‌లో పేరు చూసి, "తెలుగా?" అన్నారు. అవునన్నాను. "అయితే మాట్లాడు, నేను వింటా" అన్నారు. ఏం మాట్లాడాలో తోచక విజయవాడ ఎండల గురించి ఏదో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అప్పటికి నేను ఫిజియోథెరపీ లైసెన్సు పరీక్ష రెండోసారి రాసి, ఒక క్లినిక్‌లో హీట్ ప్యాడ్లు మార్చే పని చేస్తున్నాను. తల ప్రాణం తోకకొచ్చి ఉంది. ఆ ఎండల పుణ్యమా అని ఉద్యోగం వచ్చిందని తర్వాత చాలాసార్లు వెక్కిరించారు.

ఆయన అలవాట్లు కొన్ని చెబుతాను. ఎవరి ఒంటి మీద చెయ్యి వేసే ముందైనా రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవారు. చల్లటి చెయ్యి తగిలితే కండరం అబద్ధం చెబుతుందనేవారు. మధ్యాహ్నం డబ్బాలో ఉడకబెట్టిన కర్రపెండలం, చేపల కూర తెచ్చుకునేవారు. ఆ వాసనకి మూతి విరిచినవాడికి బలవంతంగా ఒక ముక్క పెట్టేవారు. ఇక వ్యాయామం చేయించేటప్పుడు తెలుగులోనే లెక్కపెట్టేవారు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనుషులు చెమటలు కక్కుతూ "ఒకటి, రెండు, మూడు" అంటుంటే మొదటి వారం నాకు నవ్వాగలేదు. ఆ లెక్కకి ఒక నియమం ఉండేది. ఎక్కడ ఆపాలో చెప్పాల్సింది ఆ కాలు. మనం కాదు.

సస్కటూన్‌లో ఆటలకి బస్సులో వెళ్ళేవాళ్ళం. ఐదారు గంటలు, ఎటు చూసినా మన ఆవాల చేలలా పసుపుపచ్చగా పూసిన కనోలా చేలు. బస్సు ఆగగానే మాస్టారు అందరికంటే ముందు దిగి డోరు పక్కన నిలబడేవారు. ఒక్కొక్కడూ దిగుతుంటే కాళ్ళు చూసేవారు. ఎవరు ఏ కాలు ముందు వేస్తున్నారు, ఎవరు కడ్డీ పట్టుకుంటున్నారు, ఎవరు పక్కకి తిరిగి దిగుతున్నారు. నొప్పిగా ఉందా అని మాత్రం అడిగేవారు కాదు. "అడిగితే లేదంటాడు. ఆడకపోతే వచ్చే సీజను కాంట్రాక్టు రాదు. ఎందుకు చెబుతాడు? అడక్కు అమ్మాయ్, చూడు" అనేవారు.

చూసి ఏం చేసేవారంటే, చాలాసార్లు వద్దనేవారు. ఈ రోజు నువ్వు ఆడవద్దు, అంతే. గొంతు పెంచేవారు కాదు, కారణాల చిట్టా విప్పేవారు కాదు. కోచ్ మొహం మాడ్చుకునేవాడు. ఆటగాడు బూతులు తిట్టేవాడు. మాస్టారు డబ్బా తీసి కర్రపెండలం తినేవారు.

ప్రతి సీజను ఆఖర్న మేనేజరు ఒక మీటింగు పెట్టేవాడు. ఈసారి దెబ్బలు ఎందుకు పెరిగాయి, లేదా ఎందుకు తగ్గాయి. పెరిగితే మా వల్ల, తగ్గితే అదృష్టం వల్ల. నాకు ఒళ్ళు మండేది. మాస్టారు తాపీగా అన్నీ చెప్పేవారు. వరసగా రెండు రోజులు ఆటలు పెట్టారు, ఆరున్నర అడుగుల మనిషి బస్సు సీట్లో ముడుచుకుని పడుకున్నాడు, అతని మోకాలు కాలేజీ రోజుల్లోనే పోయింది, ఇంట్లో పసిపిల్ల ఉంది, నిద్ర లేదు. ఇందులో మీ చేతిలో ఉన్నదెంత అని ఒకసారి మేనేజరు సూటిగా అడిగాడు. "చాలా కొంచెం. కానీ ఆ కొంచెం ఇంకెవరి చేతిలోనూ లేదు" అన్నారు మాస్టారు. మేనేజరు అది రాసుకోలేదు. నేను గుర్తు పెట్టుకున్నాను, అయినా సమయానికి పనికి రాలేదు.

నా రెండో ఏడాది జరిగింది ఇక చెప్పాలి. చెప్పకుండా ఆయన గురించి రాస్తే అది పొగడ్త అవుతుంది, ఆయనకి పొగడ్త గిట్టేది కాదు.

మా టీములో కిచెనర్ ఊరి నుంచి వచ్చిన ఒక గార్డు, అంటే బంతిని ముందుకి నడిపించే ఆటగాడు, ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళు, మంచి వేగం, ఎప్పుడూ నవ్వు మొహం. నాలుగు రోజులుగా అతని ఎడమ పిక్క పట్టేస్తోంది. మాస్టారు మేనకోడలి పెళ్ళికి బ్రిటిష్ కొలంబియాలోని సర్రే వెళ్ళారు, టీము బాధ్యత నాది. ఆ సాయంత్రం ఆటకి యూరప్ నుంచి ఒక టీము మనిషి ప్రత్యేకంగా అతన్ని చూడ్డానికి వస్తున్నాడు. కోచ్ నా దగ్గరికి వచ్చి, నీ ఇష్టం, నువ్వు ఎలా అంటే అలా అన్నాడు. ఆ మాట ఏ గొంతుతో అంటారో ఉద్యోగాలు చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒంటికాలి మీద నిలబెట్టి మడమ పైకెత్తి దించమన్నాను. కుడికాలితో ముప్ఫై సునాయాసంగా చేశాడు. ఎడమకాలికి నేనే తెలుగులో లెక్కపెట్టాను. పదిహేను దగ్గర మడమ కిందికి జారుతోంది. పదిహేడు, పద్దెనిమిది. చాలు, బాగుంది అన్నాను. అతను నవ్వాడు. ఆడొచ్చన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను. మాస్టారికి ఫోన్ చేయొచ్చు. చేస్తే వద్దంటారని తెలుసు కాబట్టి చేయలేదు.

రెండో క్వార్టర్‌లో బంతి కోసం ఎగరబోయి అతను ఆగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు, తనని ఎవరు తన్నారా అని. వెనక ఎవరూ లేరు. మడమ పైన నరం తెగినవాళ్ళు అలాగే చూస్తారని పుస్తకంలో చదివాను. అంత దూరం నుంచే నాకు అర్థమైంది. బ్యాగు పట్టుకుని పరిగెత్తాను, పరిగెత్తి చేసేదేమీ లేకపోయినా.

మాస్టారు మర్నాడే వచ్చేశారు. నన్ను కూచోబెట్టి మొత్తం చెప్పించుకున్నారు. అంతా విని ఒకటే అడిగారు. "పద్దెనిమిది దగ్గర అతను ఆగాడా, నువ్వు ఆపావా?"

నేనే ఆపాను. పంతొమ్మిదోది చేయలేడని తెలుసు, చూడటం ఇష్టం లేక ఆపాను. అది అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆయనకి చెప్పాను.

ఆయన నన్ను ఓదారిస్తారని ఆశపడ్డాను, అబద్ధమెందుకు. నీ తప్పేం లేదమ్మా అంటారనుకున్నాను. అనలేదు. "కొంత నీదే. ఎంతో నాకు తెలీదు. నువ్వు ఆడవద్దని ఉంటే రెండు వారాల తర్వాత తెగేదేమో, ఎప్పటికీ తెగకపోయేదేమో. ఆ ఏమోతో బతకాలి. నేనూ బతుకుతున్నా" అన్నారు. ఆయన మోస్తున్న ఆ ఏమో ఎవరి గురించో నేను అడగలేదు.

రాజీనామా రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, సీజను అయ్యాక చూద్దాం, ఇప్పుడు పదకొండు జతల కాళ్ళున్నాయి అన్నారు. ఆ కాళ్ళన్నీ నాకు ఒక్కసారి ఇవ్వలేదు. మొదటి నెల ఐస్ సంచులు, బ్యాండేజీలు మాత్రమే. తర్వాత తను పక్కన నిలబడి ఒకరిని చూడమన్నారు. తర్వాత ఇద్దరిని. ఆరు నెలలకి గాని ఒంటరిగా వదల్లేదు. దెబ్బ తిన్న ఆటగాణ్ణి కోర్టు మీదికి తెచ్చినట్టే నన్నూ తెచ్చారని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. కిచెనర్ అతని కాలు కోలుకునే వ్యాయామాలు, ఆ రిహాబ్ మాత్రం మొత్తం ఆయనే చేయించారు. అతని ముందుకి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. అతను మళ్ళీ నడిచాడు, పరిగెత్తాడు కూడా. ఆ వేగం తిరిగి రాలేదు. యూరప్ మాట ఎవరూ ఎత్తలేదు.

మూడేళ్ళ కిందట మాస్టారు రిటైరై సర్రేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి మా ఆటలన్నీ ఆన్‌లైన్‌లో చూసి మెసేజ్‌లు పెట్టేవారు. ఏడో నెంబరు కుడి మోకాలు చూడు, అంతే, హలో కూడా ఉండదు. చూస్తే నిజంగానే ఏదో ఉండేది. ఈమధ్య మా ఆటగాళ్ళ చొక్కాల్లో చిన్న మెషిన్లు పెట్టారు. ఎవరెంత పరిగెత్తారు, ఎవరు అలిసిపోయారు, అన్నీ స్క్రీన్ మీదికి వస్తాయి. ఇక మీ అవసరం లేదు మాస్టారూ అని ఏడిపించాను. ఆయన సరదా పడ్డారు, మంచి వస్తువే అన్నారు. "అంకె ఎర్రగా వచ్చాక వద్దని ఎవరు చెబుతారు? మెషినా?" అని మాత్రం అడిగారు.

అంత్యక్రియలకి సర్రే వెళ్ళాను. అయ్యాక హాల్లో టీ ఇస్తున్నారు. ఆ గుంపులో అందరికంటే ఒక తల ఎత్తుగా కిచెనర్ అతను కనిపించాడు. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఒక స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాడట, ఆ ఉద్యోగానికి ఉత్తరం రాసింది మాస్టారేనట. ఏడేళ్ళు తప్పించుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. పారిపోవడానికి కూడా ఓపిక లేదనిపించింది. వెళ్ళి అడిగేశాను. ఆ రోజు నేను వద్దంటే ఆగేవాడివా?

అతను టీ కప్పు కింద పెట్టాడు. ఇంగ్లీషులో, నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు అంటావని ఎదురుచూశాను. అది నా నోటితో నేను అనలేను కదా. నువ్వు అంటే నీ మీద అరిచేవాణ్ణి, తలుపు తన్నేవాణ్ణి. కానీ ఆగేవాణ్ణి."

మాస్టారికి ఈ సంగతి తెలుసా అన్నాను. రిహాబ్ మొదటి నెలలోనే చెప్పాడట. ఆమెకి నువ్వుగా చెప్పకు, అడిగిన రోజు మాత్రం దాచకు అన్నారట ఆయన.

నాకు మొదట వచ్చింది కోపం. నాలుగేళ్ళు నా పక్కనే ఉండి, తర్వాత మూడేళ్ళు ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడి, ఈ ఒక్కటీ దాచిపెట్టారు. విమానంలో కూచున్నాక కూడా కోపం పోలేదు. ఎడ్మంటన్‌లో దిగి కారు తీసేసరికి నీరసం మాత్రమే మిగిలింది. అప్పుడే చెప్పి ఉంటే నేను ఈ పని వదిలేసేదాన్ని, సందేహం లేదు. అది ఆయనకి తెలుసు. నన్ను ఈ పనిలో నిలపడం కోసం ఆయన ఆ బరువు మోశారు. మంచి చేశారో చెడు చేశారో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన ఉంటే నాకూ తెలీదనేవారు. ఆయనంటే నాకున్న కృతజ్ఞత మాత్రం తగ్గలేదు.

పోయిన శనివారం మధ్యాహ్నం మాకు ఆట ఉంది. మా సెంటర్ ఆటగాడికి తొడ వెనక కండరం పట్టేసింది. అతని తల్లి హాలిఫాక్స్ నుంచి మొదటిసారి కొడుకు ఆట చూడ్డానికి వచ్చింది, కొడుకు నెంబరున్న చొక్కా వేసుకుని ముందు వరసలో కూచుంది. కోచ్ వచ్చి, నీ ఇష్టం అన్నాడు. నేను ఆటగాణ్ణి పరీక్ష చేశాను. అతను టేబుల్ దిగకముందే, ఈ రోజు నువ్వు ఆడవద్దు అన్నాను. మా అమ్మ నాలుగు గంటలకి పైగా విమానంలో కూచుని వచ్చింది తెలుసా అన్నాడు. తెలుసన్నాను. నా కాలు సంగతి నాకు తెలీదా అని అరిచాడు. ఇంకా చాలా అన్నాడు. నేను మాట మార్చలేదు. తలుపు ఎంత గట్టిగా వేశాడంటే గోడ మీది గడియారం పక్కకి ఒరిగిపోయింది.

నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. అందరూ స్నానాలు చేసి వెళ్ళిపోయాక నేను సామాను సర్దుతుంటే అతను వచ్చాడు. పట్టేసిన ఆ పొడుగాటి కాలు నా ముందు టేబుల్ మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు.